నేలబారు బొమ్మలు

బి.యస్సీ. చదివేవాడికి ఈ రంగుల గొడవేమిటని హాస్టల్లో అందరూ అడుగుతుంటారు. రికార్డు బుక్కులో కప్ప బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంటే చాలదా అని వాళ్ళ ఉద్దేశం. కాని నన్నీ గొడవలోకి దింపినవాడూ ఒక లేబొరేటరీ మనిషే!

ఆయన పేరు రాబర్ట్ హర్లీ. 1894లో లండన్‌లో పుట్టి, 1923లో కెనడా వెళ్ళి పొలాల్లో పనిచేశాడు. తర్వాత సస్కాచువాన్ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ళ ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ ప్రెయిరీ మైదానాలను నీటిరంగుల్లో వేశాడు.

ప్రెయిరీ అంటే కనుచూపు మేర చదునుగా పరుచుకున్న గడ్డినేల. దాన్ని దున్ని గోధుమ పండించారు. అలాంటి చోట బొమ్మ వేయడానికి ఏముంటుంది? ఆకాశం ఉంటుంది. అడుగున సన్నని నేల, టెలిగ్రాఫ్ స్తంభాల వరుస, దూరాన రైలుకట్ట పక్క కొయ్యతో కట్టిన ఎత్తయిన ధాన్యపు కొట్టు. ఎలివేటర్ అంటారు దాన్ని.

నీటిరంగుల్లో వెలుతురంతా కాగితానిదే. తుమ్మజిగురు కలిపిన రంగు పొర పల్చగా ఉంటే, వెలుగు దాన్ని దాటి కాగితాన్ని తాకి తిరిగివస్తుంది. తెల్లమబ్బు కావాలంటే అక్కడ కుంచె పెట్టకూడదు. తడి ఆరేలోగా ఆకాశం ముగించాలి. అదునులో విత్తనం వేసినట్టే.

మా నాయన మాత్రం "కాగితం మింద నీళ్ళు పోస్తే ఏం పండుతాదిరా?" అన్నాడు.

1930లలో ప్రెయిరీల్లో అయిదు వేలకు పైగా ఉండిన ఆ కొట్లలో చాలా భాగం తర్వాత కూలగొట్టేశారు. చిన్న రైలు లైన్లు మూతబడ్డాయి, పెద్ద కాంక్రీటు కొట్లు వచ్చాయి. పాతవి ఎన్నో ఇప్పుడు బొమ్మల్లోనే నిలిచి ఉన్నాయి. మా రేగడి పల్లెలోనూ కల్లం పోయింది, గాదె పోయింది. పోయిన ఉగాదికి అప్పు తీర్చడానికి మేమూ రెండెకరాలు అమ్ముకున్నాం.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు ఆ చేలో కూర్చుని ఆకాశం, జొన్న కొయ్యకాళ్ళు, గట్టు మీది తుమ్మచెట్టు వేశాను. నాయన వెనకనే నిలబడి చాలాసేపు చూసి, "తూర్పు గట్టు ఇంకొంచెం వంకర తిరుగుతాది" అన్నాడు. తడి ఆరలేదు కనుక దిద్దగలిగాను.

ఆ బొమ్మ ఇప్పుడు పాసుపుస్తకం దాచే పెట్టెలో ఉంది. అక్కడ పెట్టింది నాయనే.

మిత్రులారా, సెలవులకు ఊరెళితే మీ చేను ఒకసారి వేసి చూడండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. గట్లు మాత్రం సరిగ్గా వేయండి.