ఆటస్థలమున నూనెసీసా

వ్యాయామోపాధ్యాయిని పని పిల్లలచేత పరుగులు పెట్టించుటయే యని పలువురు తలంతురు. నేనును చాలకాలము అట్లే తలంచితిని. పరుగెత్తు కాళ్లను గూర్చి నేర్చుకొనుటకు నాకు రెండు సంవత్సరములు పట్టినది. ఆ కాళ్లు మోయుచున్న ముఖమును గూర్చి నేర్చుకొనుటకు పదునైదు సంవత్సరములు పట్టినది. ఆ పాఠమును నాకు నేర్పినది బాలికల వసతిగృహములోని యొక విద్యార్థిని. ఆమె విషయమున నేను చేసిన పొరపాటును ఈ పత్రికాముఖమున ఒప్పుకొనుటయు, అట్టి పొరపాటు మఱియొకరు చేయకుండ నాకు తెలిసినంత చెప్పుటయు ఈ వ్యాసమున కుద్దేశ్యము.

ఆ బాలిక అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. 1500 మీటర్ల పరుగులో మా పాఠశాలయం దామెకు సాటి లేదు. వేకువను నేను ఈల యూదకమునుపే మైదానమునకు వచ్చి నిలుచుండెడిది. దసరా సెలవులైన తరువాత ఆమె నుదుటను బుగ్గలను మొటిమలు బయలుదేరినవి. మొదట ఎవరును లెక్కచేయలేదు. ఆ యీడు పిల్లలకు అది సహజమే గదా! కాని కొలది వారములలో అవి గడ్డమునకును, భుజములకును, వీపునకును ప్రాకినవి. తోడిపిల్లలు కొందఱు ఆమెకొక పరిహాసపు పేరు పెట్టిరి. ఆ పేరు నేనిక్కడ వ్రాయను. ఆమె సిగ్గుచే దినమునకు ఐదాఱుమార్లు ఒంటిసబ్బుతో ముఖమును గట్టిగా తోముకొనసాగెను. దానితో చర్మమెండి, పొలుసులు రేగినవి. ఎండలో పరుగెత్తునపుడు ముఖము మండుచున్నదని నాతో మొఱపెట్టుకొనెను.

అప్పుడు నేను చేసిన వైద్యమిది. నా అలమారులోని కొబ్బరినూనె సీసాను తీసి ఆమె చేతి కిచ్చి, “పరుగునకు ముందు ముఖమునకును మెడకును పలుచగా రాచుకొనుమమ్మా. ఎండ తగులదు, దుమ్ము పట్టదు. మా చిన్నతనమున మేమందఱమును రాచుకొన్నవారమే” అంటిని. ఆ బిడ్డ నన్ను నమ్మినది. మూడు వారములు తప్పక రాచుకొన్నది. మొటిమలు రెట్టింపైనవి. నాల్గవ వారమున ఆమె మైదానమునకు రాలేదు. పిలిపించి అడుగగా కడుపునొప్పి యనెను. మఱునాడు కాలునొప్పి యనెను. మూడవనాడు తల వంచుకొని నిజము చెప్పినది: “టీచరుగారండీ, గీత దగ్గఱ అందఱు నా ముఖమునే చూచుచున్నారండీ. నేను మొదట వచ్చినను వారు చూచునది దానినే గదండీ.”

ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను.

ఆ నెల చివర, పెద్దలు వచ్చి పిల్లలను చూచు ఆదివారమున, ఆమె అమ్మమ్మ వచ్చినది. మనుమరాలి ముఖమును రెండు చేతులలోనికి తీసికొని కొంతసేపు చూచి, నావంక తిరిగి, “దీనికేమి రాచుచున్నారమ్మా?” అని యడిగెను. చెప్పితిని. “రాచిన తరువాత దేనితో వదల్చుచున్నారు?” అని మరల అడిగెను. దేనితోను వదల్చుట లేదనియు, పరుగు ముగియగానే బడివేళ యగును గనుక పిల్ల ముఖముపై నీళ్లు చల్లుకొని పోవుచున్నదనియు చెప్పితిని. ఆ పెద్దామె కోపపడలేదు. “మేము నువ్వులనూనె అంటినచో, సున్నిపిండితో జిడ్డు వదలువఱకు నలిచి, తలకు కుంకుడురసము పోసి, వేడినీళ్లతో కడిగెడివారము. అంటిన నూనెను ఒంటిమీదనే యుంచి చెమటలో తిప్పుట మేమెఱుగమమ్మా” అని మాత్రమే చెప్పినది.

నా చిన్ననాటి అభ్యంగనములో సగమును మఱచి, తక్కిన సగమును వైద్యముగా ఈ పిల్లకిచ్చితినని అప్పుడు నాకు తోచెను. చరిత్రలో చదివినదియు జ్ఞప్తికి వచ్చినది. ప్రాచీన గ్రీకు క్రీడాకారులు ఒడలినిండ ఆలివునూనె పూసికొని పోటీలకు దిగెడివారు. ఏథెన్సు నగరపు పానథినాయియా పోటీలలో గెలిచినవారికి ఆ నూనెతో నింపిన చిత్రముల కుండలను బహుమతిగా నిచ్చెడివారు. కాని ఆట ముగియగానే, స్ట్రిజిల్ అను వంకర లోహపుబద్దతో నూనెను, చెమటను, దుమ్మును ఒక్కటిగా గీకివైచెడివారు. మనవారికి సున్నిపిండి యెట్టిదో వారికి ఆ బద్ద అట్టిది. మంచి సమరయుని కథలోను నూనె గాయమునకు ఔషధముగనే పోయబడినది. కనుక నూనె నిందింపదగినది కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని యడుగక వాడిన నా తెలివితక్కువయే నిందింపదగినది.

మరుసటి వారము ఆ బాలికను చర్మవైద్యురాలి యొద్దకు తీసికొనిపోతిని. ఆమె చెప్పినదియు, పిదప నేను చదివి తెలిసికొన్నదియు కలిపి వ్రాయుచున్నాను.

చర్మమునందలి రోమకూపముల ప్రక్కన చిన్న తైలగ్రంథులు కలవు. యౌవనారంభమున శరీరములో కలుగు మార్పులవలన ఆ గ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవించును. ఆ జిడ్డును, రాలిన చర్మకణములును కలిసి కూపముఖమును మూసివేయును. చర్మముమీద అందఱికిని ఉండెడి క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్ అను సూక్ష్మజీవి ఆ మూసిన కూపములో పెరుగును. అంతట వాపును, ఎఱుపును, చీమును కలుగును. ఇది మురికివలన వచ్చునది కాదు. కనుక తోమినకొలది తగ్గదు సరిగదా, తోముటవలన చర్మము రేగి ఇంకను హెచ్చును.

ఆటలాడువారికి దీనిపై మఱియొక కష్టము కలదు. ఒరిపిడి, ఒత్తిడి, వేడి, చెమట ఇవి కలిసినచోట మొటిమలు అధికమగును. 1975లో మిల్సు, క్లిగ్మన్ అను అమెరికా వైద్యులు దీనికి ఆక్నీ మెకానికా అని పేరు పెట్టిరి. తలకు వాడు జిడ్డు నుదుటికి దిగి మొటిమలు కలిగించుటను గూర్చి 1970లోనే ఆ దేశమున వైద్యులు వ్రాసియుండిరి. వైద్యురాలు మా పిల్ల ముఖమును చూచి, “తలకు నూనె ఎప్పుడు పెట్టుచున్నారు? నుదుటికి పట్టీ కట్టుచున్నదా? సంచి ఏ భుజమున వేయును?” అని వరుసగా అడిగినది. నాకాశ్చర్యమాయెను. నుదుటిమీది మొటిమలు సరిగా పట్టీ కట్టుచోటను, జుట్టు మొదళ్లవెంబడియు నుండెను. భుజముమీదివి సంచిపట్టెడ వెంబడి నుండెను. మూడు సంవత్సరములు దినదినము చూచుచున్న పిల్లయందు నేనీ గుఱుతులను గమనింపలేదు.

ఇక నూనెల మాట. మొటిమలు గల క్రీడాకారులు మొదట అడుగవలసినది ఏ నూనె మంచిదని కాదు, అసలు నూనె అక్కఱ కలదా యని. మా పిల్లకు చర్మము ఎండినది సబ్బు రాపిడివలన. ఆ కారణమును తీసివేసినచో సగము పొడితనము తనంతట తానే పోవును. జిడ్డుచర్మము గల పెక్కుమందికి నూనె లేని పలుచని లేపనము చాలును. అప్పటికిని చర్మము బిగిసి మండుచున్నచో నూనెను గూర్చి యోచింపవచ్చును.

కొబ్బరినూనెలో సుమారు సగము లారిక్ ఆమ్లము. అది జుట్టుకు మేలుచేయును. కాని కూపములను మూయు గుణమును 0 నుండి 5 వఱకు అంకెలతో తెలుపు పట్టికలలో దానికి సాధారణముగా 4 వేయుదురు. ఆ పట్టికల మూలము కుందేలు చెవిపై చేసిన పరీక్షలు. మనుష్యుని ముఖము కుందేలు చెవి కాదు గనుక వానిని శాసనముగా నెంచరాదు. అయినను మొటిమలున్న ముఖమునకు కొబ్బరినూనెను దూరముంచుటయే క్షేమము. ఆలివునూనెలో ఓలియిక్ ఆమ్లము అధికము. ఇంగ్లండులో జరిగి 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, కొన్ని వారములు ఆలివునూనె రాచినచోట చర్మపు పైపొర బలహీనపడినట్లును, ప్రొద్దుతిరుగుడునూనె రాచినచోట అట్టి హాని కలుగనట్లును తేలినది. ప్రొద్దుతిరుగుడునూనెలోను కుసుమనూనెలోను సాధారణముగా లినోలియిక్ ఆమ్లము హెచ్చు. మొటిమలు గలవారి జిడ్డులో ఈ ఆమ్లము తక్కువగా నుండునని పరిశోధకులు కనుగొనిరి. కాని ఇట్టి నూనెలు త్వరగా చెడును. ముక్కవాసన పట్టిన సీసాను ముఖమునకు తాకనీయరాదు. జోజోబా పేరునకు నూనెయే గాని నిజమునకు ద్రవరూపమైన మైనము. మన చర్మపు జిడ్డులోను అట్టి మైనములు కలవు. స్క్వాలేన్ అనునది తేలికైనది, త్వరగా చెడనిది. ఈ రెండును జిడ్డుచర్మమువారు ఒకటి రెండు చుక్కలు వాడి చూడదగినవి.

టీ ట్రీ నూనె వేఱు జాతిది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది రోగులపై జరిగిన పరీక్షలో, దానిని నూటికి ఐదు పాళ్లు కలిపిన లేపనము మొటిమలను మెల్లగానైనను తగ్గించినది. కాని కలుపని నూనెను నేరుగా రాచినచో చర్మము రేగును. వేపనూనెయు ఆవనూనెయు ఘాటైనవి గనుక రేగిన ముఖమునకు తగవు. ఏ నూనెయు ఎండకు గొడుగు కాదు. “ఎండ తగులదు” అని నేను పిల్లకు చెప్పినది శుద్ధ అబద్ధము. ఎండకు వేఱుగా, నూనె లేని లేపనము రాచుకొనవలెను.

ఇంకొక హెచ్చరిక. ఉక్కపోత కాలమున ఎదపైనను వీపుపైనను ఒకే పరిమాణమున చిన్న చిన్న పొక్కులు లేచి మిక్కిలి దురద పెట్టినచో, అవి మొటిమలు కాక మలసేజియా అను శిలీంధ్రముచే కలిగినవి కావచ్చును. నూనెలలోని పెక్కు కొవ్వు ఆమ్లములు దానికి ఆహారము. అట్టియెడ నూనెను ఆపి వైద్యునికి చూపవలెను. అంగడిలో అడిగి తెచ్చుకొను తెల్లబఱచు లేపనములలో స్టెరాయిడ్ కలిసియుండవచ్చును. దానివలన మొదట ముఖము నునుపై, పిదప మొటిమలు పెచ్చుపెరుగును.

వైద్యురాలి యొద్దనుండి వచ్చిన సాయంకాలమే ఆ బాలికను పిలిచి, “నేను నీకు తప్పు చెప్పితినమ్మా” అంటిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, “మీరును రాచుకొన్నవారే గదండీ” అని నన్నే ఓదార్చినది. ఉపాధ్యాయుల తప్పును పిల్లలు ఇంత సులభముగా క్షమింతురు. అందుచేతనే మనము ఎక్కువ జాగ్రత్తగా నుండవలెను.

అటుపిమ్మట మేము చేసినవి చిన్న మార్పులే. తలనూనె పరుగు లేని దినమునకు ముందటి రాత్రి, జుట్టు కొనలకే. మఱునాటి యుదయమున తలస్నానము. దిండుగలేబు వారమునకు రెండుమార్లు ఉతుకుట. నుదుటిపట్టీ మెత్తని నూలుది, పూట పూటకు ఉతికినది. పరుగునకు ముందు ముఖమున ఏ నూనెయు లేదు. పరుగు ముగిసిన వెంటనే చెమటబట్టలు మార్చి, మృదువైన సబ్బుతో వ్రేళ్లతోనే కడిగి, తువాలుతో రుద్దక అద్దుట. దానికై బడిగంటకు ముందు పది నిమిషములు నేను విడిచితిని. రాత్రి వైద్యురాలిచ్చిన మందు. చలికాలమున మందువలన చర్మమెండగా స్క్వాలేన్ రెండు చుక్కలు. దానిని గూడ మొదట చెవిక్రింద దవడపై ఒక వారము రాచి చూచిన పిదపనే ముఖమునకు తెచ్చితిమి. పరిహాసపు పేరు పెట్టిన పిల్లలతో నేను వేఱుగా మాటాడితిని. ఆ పేరు అంతటితో ఆగలేదు గాని క్రమముగా సన్నగిల్లినది.

మొటిమలు వారములో పోలేదు. నెలలోను పోలేదు. మూడవ నెలకు క్రొత్తవి తగ్గినవి. మచ్చలు కొన్ని నిలిచినవి. తలిదండ్రు లీ సంగతిని గుర్తుంచుకొనవలెనని వేడుచున్నాను. వారమునకొక క్రొత్త సీసా కొనుటకంటె, ఒక్క మంచి పద్ధతిని మూడు నెలలు నిలుపుట మేలు.

ఆ సంవత్సరము జిల్లా పోటీలలో ఆమె పరుగెత్తినది. బహుమతి రాలేదు, నాల్గవదిగా వచ్చినది. గీత దాటి, చెమట కాఱుచున్న ముఖముతో, మచ్చలతో, నుదుట ఇంకను మిగిలిన రెండు మూడు మొటిమలతో, అందఱి నడుమనుండి నాయొద్దకు వచ్చినది. ముఖమును చేతితో కప్పుకొనలేదు. రొప్పుచు ఆమె యడిగిన మొదటి మాట యిది: “ఎన్ని నిమిషములు పట్టినదండీ?”