ఫోను కౌంటర్లో ఇచ్చిన రోజు

మాది కోలారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రాతలో తప్పులుంటే మన్నించండి.

పాపకు పుట్టువెంట్రుకలు తీయించాలని ముందే తిరుమలకు 300 రూపాయల దర్శనం టికెట్లు నాలుగు తీసినాను. అంతలో టెస్టింగ్ ఉద్యోగం పోయింది. "ఉద్యోగం దొరికినాక పోదాం నాయనా" అన్నాను. "మొక్కును వాయిదా వేస్తామా? బస్సు ఖర్చు నేనిస్తాలే" అన్నాడు. ఆయన పింఛను డబ్బుతో పోవడమే నాకు కష్టమనిపించింది.

ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు దాటినా ఫోను చేతిలోనే ఉంది. ఒక కంపెనీవాళ్లు ఆ రోజే పిలుస్తామన్నారు. కల్యాణకట్టలో గుండు చేయించి దర్శనానికి పోయినాము. గుడిలోకి ఫోను తీసుకుపోకూడదు. కౌంటర్లో ఇవ్వడానికి చేతులు రాలేదు. క్యూలో నాలుగు గంటలు. పాప నా భుజం మీదే నిద్రపోయింది. దాన్ని అంతసేపు ఎత్తుకొని ఎన్ని నెలలైందో!

బయటికొచ్చి చూస్తే రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎత్తలేదు. నాయన ఏమీ అడగకుండా లడ్డు చేతిలో పెట్టినాడు.

సోమవారం వాళ్లే మళ్లీ పిలిచినారు. ఇంటర్వ్యూ అయింది, జవాబు ఇంకా రాలేదు. నాలాగా ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లుంటే, అనుకున్న ప్రయాణం పోయిరండి అంటాను. చేతిలో ఎంతుందో మాత్రం ఇంట్లో ముందే చెప్పండి.