ఇరవై నిమిషాల ఇంజను

మా పడవ ఇంజను ఇరవై నిమిషాలు చక్కగా నడుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాకూ, నాన్నకీ, కైకలూరులో ఒక మెకానిక్‌కీ తెలుసు. కొనడానికొచ్చిన ఆయనకి తెలీదు. తెలీకుండానే అమ్మేద్దామనుకున్నాను.

చెక్క పడవ, ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజను. చేపల చెరువుల రోజుల్లో నాన్న దాన్లో తవుడూ, వేరుశనగ చెక్కా మోసేవాడు. 1999లో కొల్లేరుని ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో పొక్లెయిన్లు దిగి చెరువు గట్లు కొట్టేశాయి. అప్పుడు నేను ఆరో తరగతి. మాకు చెరువు లేదు కాబట్టి మాకేం పోలేదనేవాళ్ళు ఊళ్ళో. చేపలకి మేత అక్కర్లేకపోతే మేత మోసే పడవకి పనేముంటుంది? ఆ తర్వాత ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకి జనాన్ని దాటించేవాడు. మా లంకకి రోడ్డు పడ్డాక అదీ పల్చబడింది.

నిరుడు నాన్నకి పక్షవాతం వచ్చింది. ఏలూరులో అక్క వాళ్ళింట్లో ఉంటున్నాడు. పడవ అమ్మేసే పని నా మీద పడింది. హైదరాబాద్ నుంచి రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను.

బయల్దేరేముందు నాన్న ఫోన్లో ఒకే మాట చెప్పాడు, మాట కూడదీసుకుంటూ. "నీళ్ళ గొట్టం చూసుకోమని చెప్పు."

ఈ ఇంజను కొల్లేటి నీళ్ళతోనే చల్లబడుతుంది. పంపు నీళ్ళు లాగి, సిలిండర్ చుట్టూ తిప్పి, పక్క గొట్టంలోంచి బయటికి పోస్తుంది. ఆ ధార సన్నబడిందంటే ఇంజను ఆపేయాలి. నీళ్ళు లాగే చోట గుర్రపుడెక్క వేళ్ళు అడ్డం పడితే చేత్తో పీకేస్తే సరిపోతుంది. మాది అది కాదు. వేసవిలో బుడమేరు, తమ్మిలేరు నుంచి నీళ్ళు తగ్గినప్పుడు ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు ఎగదన్నుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఉప్పుకి లోపలి దారులు తుప్పు పట్టి పూడిపోయాయి. బాగు చేయడానికి పద్దెనిమిది వేలవుతుందన్నాడు మెకానిక్. నేను పడవకి చెప్పిన రేటు అరవై.

లెక్క వేసుకున్నాను. పొద్దున్నే, చల్లటి ఇంజనుతో, పదిహేను నిమిషాల్లో ఓ చుట్టు తిప్పి ఒడ్డుకి తెచ్చేస్తే చాలు. "చెప్పు" అన్నది నాన్న. నేను మాత్రం "చూసుకో" వరకే విన్నాను.

ఆయనకి అరవై ఏళ్ళుంటాయి. పడవ ఎక్కుతూనే గెడ ఎక్కడుందో చూసుకున్నాడు. హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. పదో నిమిషంలో వెనక్కి తిప్పబోతే, "ఇంకాస్త లోపలికి పోనీ బాబు, కిక్కిస గడ్డి దాకా" అన్నాడు. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న ఒక్క కారణం చెప్పకూడనిది.

గొట్టం వైపు చూడకుండా కూర్చున్నాను. ధార సన్నబడింది. తర్వాత వట్టి ఆవిరి. కాలిన నూనె వాసన. ఇంజను రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. ఎక్కడో దూరంగా గూడబాతులు లేచిన చప్పుడు.

ఆయన కోప్పడలేదు. చెంబుతో నీళ్ళు తీసి పోయబోయాను. "వేడి మీద చన్నీళ్ళు పోస్తే పగుల్తుంది" అని చెయ్యి పట్టుకుని ఆపాడు. కాసేపాగి అడిగాడు. "ఇదివరకు ఎన్నిసార్లు ఆగింది?"

"రెండు సార్లు, బాబాయ్."

అది కూడా అబద్ధమే. అంత దూరం వచ్చాక, నడి నీళ్ళలో, పట్టుబడ్డాక కూడా తగ్గించే చెప్పాను. ఇప్పటికీ నన్ను కుదిపేది ఇంజను దాచడం కాదు, ఆ రెండో అబద్ధం.

ఆయన గెడ అందుకున్నాడు. కొల్లేరు పెద్దగా లోతుండదు. గెడ అడుక్కి ఆనించి నెట్టుకుంటూ ఒడ్డుకి తెచ్చాడు, గంట పట్టింది. సాయం చేస్తానంటే వద్దన్నాడు. దిగాక అన్నాడు:

"పడవొకటే తీసుకుంటాను, ముప్ఫై ఐదుకి. ఇంజను నువ్వే ఉంచుకో. ముందే చెప్పుంటే రెండూ కొనేవాణ్ణి బాబు. ఇంజను బాగు చేయించుకోవడం నాకు తెలీదా? ఇప్పుడు ఇంకేం దాచావో అని బల్ల బల్లా తట్టి చూసుకోవాలి."

నిజంగానే వంగి ఒక్కో చెక్కనీ వేళ్ళతో తట్టి చూశాడు. ఎండలో నేను నిలబడే ఉన్నాను. ఆ పడవకి ఏటా జీడినూనె పట్టించిన మనిషి ఏలూరులో మంచం మీదున్నాడు. తట్టింపులు ఆయన మీద పడుతున్నట్టే అనిపించింది. "అడుగు గట్టిదే బాబాయ్" అన్నాను. ఆయన తలెత్తలేదు. ఆ మాట నిజం. కానీ నా నోట్లోంచి వస్తే విలువ లేదు.

ఇంజనుని ఆటోలో వేసుకుని ఏలూరు వచ్చాను. నాన్న డబ్బెంతని అడగలేదు. ఆటోలోంచి దించుతున్న ఇంజనుని కిటికీలోంచి చూశాడు.

"ఎక్కడ ఆగింది?"

"కిక్కిస గడ్డి దగ్గర."

"చెప్పావా?"

లేదన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన్ని గెడ వెయ్యనిచ్చావా?" అన్నాడు. దానిక్కూడా నా దగ్గర జవాబు లేదు.