యాక్షనంటే కొట్టుకోవడం కాదట!

'యాక్షన్' అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే విరిగిపడే కుర్చీలూ, గాల్లోకి లేచే జీపులూ, హీరోగారి పిడిగుద్దులూ! మీకూ అంతేగదా! కానీ ఆ మాటకి సరిగ్గా తలకిందుల అర్థం చెప్పే ఆటొకటి ఉందంటే నమ్ముతారా?

మా మేనత్త కొడుకు ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 'వార్‌హామర్ 40,000' అనే యుద్ధాల ఆటని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఉన్నది ఆ ఊళ్ళోనే. 1987లో పుట్టిన ఆట. బొటనవేలంత సైనికుల బొమ్మలు, కొలిచే టేపు, దోసెడు పాచికలు. ఇదీ సరంజామా. 2017 నాటి ఎడిషన్ బావే నాకు నేర్పాడు. జరుపు, కాల్చు, మీదపడు! మన ఫైట్ మాస్టర్లు చూస్తే ముచ్చటపడతారు.

2020లో తొమ్మిదో ఎడిషన్ వచ్చింది. 2022 డిసెంబరులో బావ సెలవు మీద తెనాలిలో మా ఇంటికొచ్చాడు. భోజనాల బల్ల మీద బొమ్మలు పేరుస్తూ, "ఒరేయ్, రూల్సు మారాయి. ఇప్పుడు యాక్షన్లని కొత్తగా పెట్టారు" అన్నాడు.

"అంటే ఇంకా ఎక్కువ కాల్చొచ్చా?" అన్నాను హుషారుగా.

"కాదు. యాక్షన్ చేసే జట్టు కాల్చకూడదు. కాల్చిందో, యాక్షన్ ఫెయిల్!"

ఉదాహరణకి జెండాలెత్తడం. సైనికుల జట్టు బల్ల మీది ఒక గుర్తు దగ్గరికి చేరుతుంది. అక్కణ్ణించి ఆ వంతు ముగిసేదాకా తుపాకీ ముట్టకుండా, ఎవరి మీదకీ దూకకుండా నిలబడాలి. నిలబడితే జెండా లేచినట్టే. తరవాత మన వంతు వచ్చినప్పుడల్లా ఆ జెండాకో పాయింటు. శత్రువు ఆ చోటుని ఆక్రమించుకుంటే మాత్రం జెండా పోయినట్టే.

"ఇదేం యాక్షన్ బావా! మన హాల్లో అయితే ఈలలు కాదు, కుర్చీలు లేస్తాయి" అని నవ్వేసి, నావాళ్ళందరిచేతా కాల్పించడం మొదలెట్టాను. బల్లంతా ఊడ్చేస్తున్నాను. బావ జట్లు రెండు మాత్రం చెరో మూలా జెండాలు పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాయి.

మూడో రౌండులో లోపలిగదిలోంచి నాన్నగారు పిలిచారు.

2018లో ఆయనకి పక్షవాతం వచ్చింది. హైదరాబాదులో పత్రిక ఉద్యోగం వదిలేసి వచ్చేశాను. అప్పట్నించీ రాత్రుళ్ళు కూచుని, ఎవరడిగితే వాళ్ళకి రాయడమే నా బతుకుతెరువు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావోయ్?" అంటే, వాళ్ళకంటే ముందు నేనే నవ్వేసి "ఖాళీయేనండీ" అనేవాణ్ణి. ఆ నవ్వు ఎంత బరువో నాకే తెలుసు.

నాన్నగార్ని పక్కకి తిప్పి, ఒళ్ళు తుడిచి, మంచినీళ్ళు పట్టి వచ్చేసరికి అరగంటయింది. బావ పాచికలు ముట్టుకోకుండా అలాగే కూచునున్నాడు.

అయిదో రౌండుతో ఆట ముగిసింది. బతికున్న బొమ్మలు నావే ఎక్కువ. గెలిచింది మాత్రం బావ!

"నీ జెండావాళ్ళు ఒక్క గుండన్నా పేల్చలేదు గదా బావా!" అన్నాను ఉక్రోషంగా.

"పేల్చలేదు. చోటూ వదల్లేదు" అన్నాడు బొమ్మలు పెట్టెలో సర్దుతూ. కాసేపాగి, నా మొహం వంక చూడకుండానే అన్నాడు: "మావయ్య దగ్గర నువ్వున్నావనేరా, నేనక్కడ కంటినిండా నిద్రపోతున్నాను."

నేనేం మాట్లాడలేకపోయాను. కింద పడిన పాచిక కోసం బల్ల కింద చాలాసేపు వెతికాను. పాచిక ఎదురుగానే ఉంది లెండి!

2023లో పదో ఎడిషన్ వచ్చిందని బావ ఫోన్ చేశాడు. రూల్సు మళ్ళీ మారాయట. ఇలాంటి పనులన్నీ ఇప్పుడు మిషన్ కార్డుల్లో వస్తాయట.

"అవన్నీ సరేగానీ, పని చేసే జట్టు ఆ వంతులో కాల్చొచ్చా?" అనడిగాను.

"ఇప్పుడూ కూడదు."

"అయితే ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా బావా. జెండా జట్టు నాది!"