రైలుకు పోటీగా తవ్విన కాలువ

నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో మిట్టకందాల అనే ఊరుంది. పొలాలు, కాలువ, పశువులు... పైకి అన్ని ఊళ్లలాంటిదే. కానీ ఇక్కడి మిట్టకు ఓ పక్క కురిసిన వాన కృష్ణలో కలుస్తుంది. మరో పక్క కురిస్తే కుందూ మీదుగా పెన్నాకు చేరుతుంది. నూటయాభై ఏళ్ల కిందట సర్వేయర్లకు పరీక్ష పెట్టింది ఈ మిట్టే!

దేశమంతా రైలు పట్టాలు పరుస్తున్న రోజులవి. సర్ ఆర్థర్ కాటన్ మాత్రం రైలుకన్నా కాలువే మేలన్నారు. పొలానికి నీళ్లూ అందుతాయి, పడవల మీద సరుకూ చౌకగా చేరుతుందన్నది ఆయన లెక్క. ఆ మాట నమ్మి మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ రంగంలోకి దిగింది. పెట్టుబడిలో పది లక్షల పౌన్లకు అయిదు శాతం వడ్డీ ఇప్పిస్తానని ప్రభుత్వం హామీ ఇచ్చింది. అలా 1860వ దశకంలో మొదలైందే కర్నూలు-కడప కాలువ... జనం నోట కేసీ కెనాల్.

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టారు. కర్నూలు దగ్గర హంద్రీ అడ్డొస్తే దాని మీదుగా వంతెన కట్టి నీళ్లు దాటించారు. ఇక మిగిలింది మిట్ట. నీరు ఎత్తు ఎక్కదు కదా! వాలు అడుగడుగునా సరిచూసుకోవాల్సిందే. లెక్క తప్పితే నీరు నిలిచిపోతుంది, వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది. అందుకే మిట్టకందాల దగ్గర నేలను లోతుగా తవ్వి కాలువను పెన్నా వైపు దించారు. అక్కణ్నుంచి వెలుగోడు, నంద్యాల మీదుగా కడప దాకా... మొత్తం 306 కిలోమీటర్లు.

కాలువైతే వచ్చింది కానీ కంపెనీకి లాభం రాలేదు. నల్లరేగడిలో మెట్టపైర్లకు అలవాటుపడిన రైతులు డబ్బు కట్టి నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. మరోపక్క 1871లో మద్రాసు-రాయచూరు రైలుమార్గం కడప మీదుగా పూర్తయింది. ఆ తర్వాత 1876-78 ధాత కరవు వచ్చి, నీటి విలువేమిటో సీమకు చెప్పింది. కానీ కంపెనీ అప్పటికే అప్పుల్లో కూరుకుపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

పడవలు పోయాయి, నీళ్లు మిగిలాయి. నేటికీ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో వరిమళ్లకు ఆ కాలువే ఆధారం. ఇదే మండలంలోని బనకచర్ల వద్ద, పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం నీళ్లు తెలుగుగంగకూ, శ్రీశైలం కుడిగట్టు కాలువకూ, కేసీ కెనాల్‌కూ చీలిపోతాయి. కృష్ణమ్మ పెన్నా వైపు మళ్లాలంటే ఈ చుట్టుపక్కలే గట్టు దాటాలి మరి.

ఆనాడు ఎండలో గొలుసు లాగిన కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్లు కొలిచిన వాలు మాత్రం ఇంకా నీళ్లను నడిపిస్తూనే ఉంది.