మైకు ముందు ఆమె

కామెంటరీ గదిలో ఉండేది మామూలు మైకే. దానికి మాట తెలుసు, మనిషి తెలియదు. మరి అందులోంచి ఆడగొంతు వినబడితే మనమెందుకు ఉలిక్కిపడతాం? 1977లో ఇండోర్‌లో బొంబాయి, ఇంగ్లండుకు చెందిన ఎం.సి.సి. జట్లు తలపడినప్పుడు చంద్ర నాయుడు వ్యాఖ్యానం చెప్పారు. మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా ఆమెకు పేరు. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టు జట్టును నడిపిన తెలుగింటి బిడ్డ సి.కె. నాయుడు కూతురామె. వృత్తి ఇంగ్లీషు పాఠాలు చెప్పడం. ఇంటినిండా క్రికెట్, నోటినిండా భాష. ఆ పనికి కావలసినవి ఆ రెండే.

మగవాళ్ల క్రికెట్ ఆడని ఆడవాళ్లకు అందులో లోతేం తెలుస్తుందని అనేవాళ్లు నేటికీ ఉన్నారు. ఆడితేనే అర్హత అనుకుంటే, అంతర్జాతీయ క్రికెట్ ఆడని మన హైదరాబాదీ వ్యాఖ్యాత హర్షా భోగ్లేను దశాబ్దాలుగా ఎందుకు నెత్తిన పెట్టుకున్నాం? పోనీ, ఆడిన అనుభవమే కొలబద్ద అంటారా? అదే హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 232 వన్డేల్లో 7,805 పరుగులు చేసి మరీ మైకు పట్టారు. బంతి ఎటు తిరిగిందో, స్లిప్ ఫీల్డరు రెండడుగులు ఎందుకు జరిగాడో పసిగట్టే కంటికి ఆడా మగా తేడా లేదు. కొలత ఏదైనా సరే, అందరికీ ఒకటే ఉండాలి. ఈసారి టీవీలో మహిళా వ్యాఖ్యాత మాట్లాడుతుంటే, చెబుతున్న సంగతి వినండి.