నీలిచాయయా, మీఁగడచాయయా?



గోడకు వేయు రంగును దుకాణమునందలి చీటీపైఁ జూచి నిశ్చయించుట, పెండ్లికూఁతును ఛాయాపటమునఁ జూచి నిర్ణయించుట వంటిది. పిమ్మట నిత్యము కలిసి కాపురము చేయవలసినవారము మనమే కదా!

మా యింట నుత్తరపు గది యత్తగారిది. ఆమెకు డెబ్బది యేండ్లు దాఁటినవి. కన్నులకు శుక్లములు క్రమ్మినవి. శస్త్రచికిత్సకు నాలుగు మాసముల గడువు గలదు. మొన్న గడప గానక తూలిరి. ఆ గదికి లేఁతనీలము కలిసిన తెలుపు వేయింపవలెనని మావారి పట్టు. వేసవిలోఁ జల్లఁగాఁ దోఁచునని వారి వాదము. లేఁబసుపు సోఁకిన మీఁగడవన్నె నా యభిమతము.

రెండును లేఁతవే, యీ తర్కమేల యనవచ్చును. కాని యుత్తరపుఁ గిటికీనుండి వచ్చునది సాధారణముగా నెండ గాదు, ఆకసపు వెలుఁగు. అది సహజముగనే నీలిచాయ గలది. గోడయు నట్టిదే యైనచో గది మబ్బుపట్టినట్లుండును. దక్షిణపు గదియైనచో నేనును వారి మాటకే తలయూఁపుదును. మఱియు వయసు మీఱినకొలఁది కంటిలోని కటకము పసుపువాఱి నీలికిరణములను జాలినంత లోనికి రానీయదు. మనకు నిర్మలమగు లేఁతనీలము పెద్దలకు బూడిదవన్నెగాఁ దోఁపవచ్చును. (మన తల్లులు సున్నములో నీలిమందు కలిపినది పసుపుచాయ నణఁచి తెలుపును హెచ్చించుటకే.)

ఒక వన్నె ప్రక్కవన్నెనుబట్టి వేఱుగాఁ గన్పట్టునని షెవ్రల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుఁడు 1839లో గ్రంథమే ప్రకటించెను. కావున రెంటిని జంటగాఁ బూయింపక, మూరెఁడేసి యట్టలపైఁ బూసి, యాఱిన పిదప నొకదాని తరువాత నొకటి గోడకానించి, ఉదయమునను, మధ్యాహ్నమునను, దీపము వెలిగించిన పిమ్మటను జూచితిమి. సాయంకాల మత్తగారు మీఁగడయట్ట ముందు చేయి చాఁచి, “అమ్మాయీ, దీని ముందు నా వ్రేళ్లు నాకుఁ దెలియుచున్నవే” అనిరి. మావారు మాఱుపలుకలేదు.

మెఱుఁగురంగు మాత్రము వలదంటిని; ఆ తళుకు శుక్లములున్న కంటికి మిక్కిలి బాధ. గోడ యేచాయదైనను, తెల్లని మీట దానిలోఁ గలిసిపోవును. ఆమె రాత్రులందుఁ దడవుకొనుచుండిరి. అందుచేత మీటపలక చుట్టును, గడపకును ముదురుగోధుమవన్నె పట్టె వేయింపఁ జెప్పితిని. గురువారమునఁ బనివారు వత్తురు. మిగిలిన నీలిరంగు డబ్బాను మావారు తమ పుస్తకముల గదికని దాఁచుకొనిరి.